ఆ బాణం వెనక్కి తిరగదు

సంపాదకులు గారికి,

నమస్కారం. ఇటీవల మీ విద్యార్థుల పేజీలో పదో తరగతి పిల్లల కోసం జీవావరణ వ్యవస్థ బొమ్మ ఒకటి వేశారు. సూర్యుడు, గడ్డి, మిడత, కప్ప, పాము, గద్ద, చివర పుట్టగొడుగులు, బాక్టీరియా. పుట్టగొడుగుల దగ్గర్నుంచి ఒక బాణం బయల్దేరి, చుట్టూ తిరిగి మళ్ళీ గడ్డికి వచ్చి చేరింది. దాని మీద ‘శక్తి’ అని రాసి ఉంది. ఇచ్ఛాపురం దాటి ఇటు బరంపురం, ఛత్రపురం, రంభ దాకా తెలుగు చదివే ఇళ్ళలోకి మీ పత్రిక వస్తుంది. ఇక్కడి పిల్లలు చాలామంది బడిలో ఒడియాలోనో ఇంగ్లీషులోనో పాఠం విని, తెలుగు మాటల కోసం మీ పేజీ చూస్తారు. అందుకే ఒక్క బాణం గురించి ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాం.

ఆ బాణం తప్పు. కుళ్ళబెట్టే జీవులు రాలిన ఆకునీ, పేడనీ, చచ్చిన పామునీ తిని అందులోని నత్రజని, భాస్వరం, పొటాష్ మట్టిలోకి వదులుతాయి. అవి గడ్డి వేళ్ళకు మళ్ళీ అందుతాయి. అంతవరకు చక్రం నిజమే. ఆ తిండిలో ఉన్న శక్తి మాత్రం ఆ జీవుల బతుకుకే ఖర్చయిపోయి, చివరికి వేడిగా గాలిలో కలుస్తుంది. పెంటకుప్ప తవ్వి చెయ్యి పెడితే లోపల కాలుతుంది కదా, పోతున్న శక్తి అదే. ఆ వేడిని పట్టుకుని పిండిపదార్థం తయారుచేసే మొక్క ఎక్కడా లేదు. గడ్డికి శక్తి కావాలంటే రేపు మళ్ళీ పొద్దు పొడవాల్సిందే.

ఇది పరీక్షలో ఒక మార్కు సంగతే అయితే ఒక చిన్న సవరణ వేయమని అడిగి ఊరుకునేవాళ్ళం. కానీ గంజాం జిల్లాలో చేపల చెరువు ఉన్న కుటుంబాలు పేడ మీద, యూరియా మీద, తవుడు మీద పెట్టే డబ్బు ఈ బాణం చుట్టూనే తిరుగుతుంది. ‘చెరువులో ఎరువు వేశాం, చేప దాన్ని తిని పెరుగుతుంది’ అనుకునేవాళ్ళు, తెల్లవారుజామున చేపలు తేలి చస్తే ‘ఎవరో మందు కలిపారు’ అని పక్కవాళ్ళతో గొడవపడేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. ఆ తగువులకు మూలం ఈ పాఠం సరిగ్గా అందకపోవడమే.

మొదట మొక్క సంగతి. మొక్కకు తిండి మట్టిలోంచి వస్తుందన్నది పాత భ్రమ. వాన్ హెల్మాంట్ అనే ఆయన కుండీలో విల్లో మొక్క నాటి అయిదేళ్ళు నీళ్ళు మాత్రమే పోశాడు. అయిదు పౌన్ల మొక్క 169 పౌన్లు అయింది. మట్టి తగ్గింది రెండు ఔన్సులే. ఆ ఫలితం 1648లో అచ్చయింది. బరువంతా నీళ్ళ నుంచే వచ్చిందని ఆయన అనుకోవడం పొరపాటు, గాలిలోని బొగ్గుపులుసు వాయువు పాత్ర ఆయనకు తెలియదు. కానీ మట్టి నుంచి కాదన్న మాట నిలబడింది. వెలుగు పడితేనే ఆకు ప్రాణవాయువు వదులుతుందని 1779లో ఇంగెన్‌హౌస్ చూపించాడు. 

ఈ పనికి లెక్క కచ్చితంగా ఉంది. 264 గ్రాముల బొగ్గుపులుసు వాయువు, 108 గ్రాముల నీరు కలిసి 180 గ్రాముల గ్లూకోజు అవుతాయి, 192 గ్రాముల ప్రాణవాయువు బయటికి వస్తుంది. ఆ గ్లూకోజులో 686 కిలో కేలరీల శక్తి దాగి ఉంటుంది. ఆ 686 వచ్చింది వెలుగు నుంచే. యూరియా నుంచి ఒక్క కేలరీ కూడా రాలేదు. యూరియా, సూపర్ ఫాస్ఫేట్ ఆకును కట్టే సరుకు ఇస్తాయి. పొయ్యి కట్టడానికి ఇటుక కావాలి, కానీ ఇటుక మండి అన్నం ఉడకదు.

ఎండలో ఎంత వంతు పంటగా మారుతుందో పిల్లలతో చేయించదగ్గ లెక్క ఒకటి చెబుతాం. కరెంటు బిల్లులో ఉండే యూనిట్‌నే కొలతగా తీసుకోండి. ఒక యూనిట్ అంటే 860 కిలో కేలరీలు. ఖరీఫ్‌లో మబ్బు రోజులు కలుపుకుని చదరపు మీటరుకు రోజుకు సగటున నాలుగున్నర యూనిట్ల ఎండ అనుకుందాం. 120 రోజుల వరికి 540 యూనిట్లు. ఎకరం 4,047 చదరపు మీటర్లు కాబట్టి మొత్తం దాదాపు 21 లక్షల 85 వేల యూనిట్ల వెలుగు. ఎకరానికి 20 క్వింటాళ్ళ ధాన్యం, గడ్డీ దుబ్బులూ వేళ్ళూ కలిపి మరో 24 క్వింటాళ్ళు అనుకుంటే 44 క్వింటాళ్ళ ఎండు సరుకు. కిలోకు 4,000 కిలో కేలరీల చొప్పున అది సుమారు 20,500 యూనిట్లు. వందకు ఒకటి కన్నా కాస్త తక్కువ. గింజ మాత్రమే తీసుకుంటే వెయ్యికి నాలుగుకు కాస్త పైన.

మిగతాదంతా ఏమైంది? ఎండలో సగానికి పైగా ఆకు వాడుకోలేని కిరణాలే. నాటు వేసిన మొదటి నెల వెలుగు ఎక్కువగా ఆకు మీద కాక నీళ్ళ మీద పడుతుంది. ఆకు మీద పడ్డదాంట్లో కొంత వెనక్కి మెరుస్తుంది, చాలా భాగం ఆకును వేడెక్కించి నీటిని ఆవిరి చేస్తుంది. అన్నీ పోగా కట్టిన చక్కెరలో కూడా మొక్క తన శ్వాసకు కొంత తగలేస్తుంది. మొక్క పగలు ప్రాణవాయువు వదిలి రాత్రి మాత్రమే పీలుస్తుందని పిల్లలు రాస్తుంటారు. అదీ తప్పే. మొక్క రాత్రీ పగలూ శ్వాసిస్తూనే ఉంటుంది. పగలు తయారీ ఎక్కువ కాబట్టి ఖర్చు కనబడదు.

పచ్చగా ఉన్నదంతా ఉత్పత్తిదారే, అంటే తన తిండి తనే తయారుచేసుకునేదే అనుకోవడం కూడా కుదరదు. మామిడి మీద పెరిగే బదనికకు ఆకుపచ్చ ఆకులున్నాయి, చక్కెర కొంత తనే చేసుకుంటుంది, నీళ్ళూ లవణాలూ చెట్టు నుంచి లాగుతుంది. కంచెల మీద పసుపు దారాల్లా అల్లుకునే కస్కుటా తీగ మొక్కే అయినా తన తిండంతా ఆతిథ్యమిచ్చిన మొక్క నుంచి తీసుకుంటుంది, అది వినియోగదారు. పుట్టగొడుగు మొక్క కాదు, ఉత్పత్తిదారు అంతకన్నా కాదు. మరోవైపు వెలుగు అసలే లేని చోట కూడా ఉత్పత్తిదారులున్నారు. 1977లో గాలపాగోస్ దగ్గర సముద్రపు అడుగున వేడి ఊటల చుట్టూ కనబడిన బాక్టీరియా, గంధకపు వాయువు నుంచి శక్తి తీసి ఆహారం తయారుచేస్తాయి. మన చెరువులకు, పొలాలకు మాత్రం పొద్దే దిక్కు.

ఇక తినేవాళ్ళు. 1942లో అమెరికాలోని మినెసోటాలో ఒక చిన్న చిత్తడి సరస్సును చదివి, తినే గొలుసులో ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు ఎంత శక్తి చేరుతోందని మొదట లెక్కగట్టినవాడు రేమండ్ లిండ్‌మన్. వ్యాసం అచ్చయ్యేలోగా, 27 ఏళ్ళు నిండకుండానే చనిపోయాడు. మన పుస్తకాల్లోని ‘పది శాతం సూత్రం’ ఆయన ఆలోచన నుంచి పుట్టిందే, కానీ అది సూత్రమేమీ కాదు, ఉరామరిగా ఒక సగటు. హోవార్డ్ ఓడమ్ ఫ్లోరిడాలోని సిల్వర్ స్ప్రింగ్స్ అనే ఊట మడుగు గురించి 1957లో ప్రకటించిన అంకెలు చూడండి. చదరపు మీటరుకు ఏడాదికి మొక్కలు పట్టింది 20,810 కిలో కేలరీలు. వాటి శ్వాసకు పోగా మిగిలింది 8,833. శాకాహారులకు చేరింది 3,368, వాటిని తినేవాటికి 383, పై మెట్టుకు 21. అంటే మొక్కలు పట్టిన 20,810లో వందకు 16, తర్వాత 11, ఆ తర్వాత అయిదున్నర. అంకె మారుతుంది, తరుగు మాత్రం ప్రతి మెట్టుకూ ఉంటుంది.

తరుగు ఎక్కడ పోతుందో పిల్లలకు విడదీసి చెప్పాలి. ఉన్నదంతా ఎవరూ తినరు. తిన్నదంతా అరగదు, మిగిలింది పేడగా, రెట్టగా పోతుంది. అరిగినదంతా ఒంటికి పట్టదు, నడకకు, గుండె కొట్టుకోవడానికి, ఒళ్ళు వెచ్చగా ఉంచుకోవడానికి ఖర్చవుతుంది. పిట్టలు, మేకలు, మనుషులు వెచ్చటి నెత్తురు జీవులు. అరిగినదాంట్లో వందకు రెండు మూడు పాళ్ళే ఒంటికి పడతాయి. చేపకు వేడి కాపాడుకునే ఖర్చు లేదు, నీళ్ళే ఒంటిని మోస్తాయి కాబట్టి నిలబడే ఖర్చూ తక్కువ. అందుకే అదే మేతకు మేక కన్నా చేప ఎక్కువ మాంసం ఇస్తుంది.

ఇప్పుడు చెరువు దగ్గరికి వద్దాం. మా జిల్లాలో ఈ పాఠం ప్రాణం పోసుకునేది ఇక్కడే.

చెరువు ఒక పొలం. అందులో పైరు వృక్ష ప్లవకాలు, అంటే నీళ్ళకు ఆకుపచ్చ రంగు తెచ్చే కంటికి కనబడని నాచు కణాలు. వాటిని జంతు ప్లవకాలు, అంటే నీళ్ళలో తేలే సన్నటి జీవులు తింటాయి. బొచ్చె పై నీళ్ళలో ముఖ్యంగా జంతు ప్లవకాల మీద బతుకుతుంది. శీలావతి నడి నీళ్ళలో, ఎర్రమోసు అడుగున కుళ్ళిన సరుకు మీద. వెండి చేప నేరుగా వృక్ష ప్లవకాలనే వడకట్టుకుంటుంది, గడ్డి చేప గడ్డి మేస్తుంది. ఎకరానికి 2,000 చేప పిల్లల్ని 4:3:3 పాళ్ళలో బొచ్చె, శీలావతి, ఎర్రమోసు వదలమని చెప్పే పాత పద్ధతి వెనక ఉన్న తెలివి ఇదే. ఒకే వెలుగుతో పండిన తిండిని మూడు అంతస్తుల్లో, గొలుసు పొట్టిగా ఉండగానే చేపగా మార్చుకోవడం. కొర్రమీను ధర ఎక్కువ, నిజమే, కానీ అది చేపల్ని తినే చేప. కిలో కొర్రమీను పెరగాలంటే చిన్న చేపలు నాలుగైదు కిలోలు కావాలి. మెట్టు పెరిగింది కాబట్టి ఖర్చు పెరిగింది. ధర నిర్ణయించేవాడికి ఈ సంగతి తెలియకపోవచ్చు, పెంచేవాడికి తెలిసి తీరాలి.

‘యాభై లీటర్లు వడకట్టినా చెంచాలో నాలుగో వంతు ప్లవకం రాదు, ఇది తిని చేప ఎలా పెరుగుతుంది?’ అని అడుగుతారు. ప్లవకాల వలలో 50 లీటర్లకు 1 నుంచి 2 మిల్లీలీటర్లు వస్తే చాలు, చెరువు బాగున్నట్టే. ఇది పాడి ఆవు లెక్క. కుండలో ఉన్న పాలు కాదు, రోజూ పితికే పాలు చూడాలి. వృక్ష ప్లవకాలు ఒకటి రెండు రోజుల్లో రెట్టింపవుతాయి, పెరిగింది పెరిగినట్టే తినబడుతుంది. అందుకే ఏ క్షణాన తూచినా మేసేదాని బరువు ఎక్కువ, మేపేదాని బరువు తక్కువ కనబడవచ్చు. ఒక్కో మెట్టు బరువును ఒకదాని మీద ఒకటి పేర్చి గీసే బొమ్మలో పై మెట్టు వెడల్పుగా వస్తుంది, పుస్తకంలో తలకిందులైన పిరమిడ్ అంటే ఇదే. శక్తి పిరమిడ్ మాత్రం ఎక్కడా తలకిందులు కాదు.

పేడ, యూరియా వేసేది ఈ పైరు కోసం. అసలు ముందు సున్నం. నేల పులుపును బట్టి ఎకరానికి 100 నుంచి 200 కిలోలు వేసి, నీటి పి.హెచ్. ఏడున్నరకు, ఎనిమిదిన్నరకు మధ్య ఉండేలా చూసుకుంటారు. పిల్ల వదలడానికి రెండు వారాల ముందు ఎకరానికి సుమారు 800 కిలోల పచ్చి పేడ, తర్వాత నెలకు 400 కిలోలు, అదీ నాలుగు విడతలుగా. పేడలో కాస్త శక్తి మిగిలే ఉంటుంది. ఆవు అరిగించుకోలేనిది బాక్టీరియా అరిగించుకుంటుంది, బాక్టీరియాను జంతు ప్లవకాలు తింటాయి. అయితే ఆ పని జరగడానికి నీళ్ళలో ప్రాణవాయువు ఖర్చవుతుంది. ‘ఎక్కువ పేడ, ఎక్కువ చేప’ అన్న లెక్క బోల్తాపడేది ఇక్కడే.

ఎంత వేయాలో కాగితం కాదు, నీళ్ళే చెప్పాలి. దానికి ఇరవై సెంటీమీటర్ల స్టీలు పళ్ళెం చాలు. నాలుగు భాగాలు చేసి నలుపు, తెలుపు మార్చి మార్చి రంగు వేయండి. మధ్యలో చిల్లు పెట్టి తాడు కట్టండి, అడుగున రాయి కట్టండి, తాడు మీద అయిదేసి సెంటీమీటర్లకు ముడి వేయండి. పొద్దున పదికీ మధ్యాహ్నం రెండుకీ మధ్య నీళ్ళలోకి నిటారుగా దించి, కనబడకుండా పోయిన లోతు, మళ్ళీ పైకి లాగితే కనబడిన లోతు రాసుకుని సగటు తీయండి. 25 నుంచి 35 సెంటీమీటర్లు వస్తే పైరు సరిగా ఉంది. 40 దాటితే ఎరువు చాలలేదు. 20 కన్నా తగ్గితే ఎరువూ మేతా రెండూ ఆపాలి.

ఒక్క మోసం ఉంది. వాన పడ్డ మర్నాడు పళ్ళెం పది సెంటీమీటర్లకే మాయమవుతుంది. అది పైరు కాదు, గట్టు మీద నుంచి జారిన ఎర్రమట్టి. గాజు గ్లాసులో నీళ్ళు తీసి వెలుగుకు ఎదురుగా పట్టి చూస్తే ఆకుపచ్చా మట్టి రంగా తెలుస్తుంది. రాత్రంతా కదపకుండా ఉంచితే అడుగున మట్టి పొర కట్టవచ్చు. అలాంటి నీళ్ళలో ఎంత యూరియా పోసినా ప్రయోజనం లేదు. ఎరువుంది, వెలుగు లేదు. గట్ల మీద గడ్డి పెంచి, పొలం నీళ్ళు లోపలికి రాకుండా కాలవ తీయడమే దానికి మందు.

తెల్లవారుజామున చేపలు నీటి మీదికి తలలెత్తి గుటకలు వేయడం గురించి కాస్త వివరంగా రాయాలి, ఎందుకంటే ఒక్క రాత్రిలో ఏడాది కష్టం పోయేది అప్పుడే. 30 డిగ్రీల దగ్గర మంచినీళ్ళు గాలి నుంచి పట్టి ఉంచగల ప్రాణవాయువు లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాములే. బాగా పచ్చబడ్డ చెరువులో మధ్యాహ్నం మూడింటికి అది 10, 12 కూడా ఉంటుంది, పైరు అంత వేగంగా వదులుతుంది కాబట్టి. పొద్దు గూకగానే తయారీ ఆగిపోతుంది. చేపలు, పైరు, అడుగు బురదలోని బాక్టీరియా అన్నీ రాత్రంతా పీలుస్తూనే ఉంటాయి. తెల్లవారుజాము నాలుగు, అయిదు గంటలకు అది అట్టడుగుకు చేరుతుంది. మూడు నాలుగు మిల్లీగ్రాములు మిగిలితే గండం గడిచినట్టు. రెండుకు దిగితే చేప తేలుతుంది, ఒకటి కన్నా తగ్గితే చస్తుంది. పెద్ద చేపలు ముందు చచ్చి, చిన్నవి మిగిలి, పొద్దెక్కాక బతికినవి కిందికి దిగిపోతే అది ఊపిరాడకనే. మందు కలిపితే పొద్దు పొడుపు కోసం ఆగదు, చిన్నా పెద్దా తేడా చూడదు, కప్పలూ పురుగులూ కూడా పోతాయి.

గండం ఎప్పుడు వస్తుందో ముందే పసిగట్టవచ్చు. మూడు రోజులు వరసగా మబ్బు పట్టినప్పుడు తయారీ సగమై, ఖర్చు ఎప్పటిలాగే ఉంటుంది. ఆశ్వయుజ, కార్తీక మాసాల తుఫాను రోజుల్లో మా తీరానికిది మామూలే. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. గాలికి చెట్ల ఆకు, కొమ్మ చెరువులో పడి కుళ్ళడం మొదలైతే ఆ కుళ్ళు కూడా ప్రాణవాయువునే తింటుంది. ఇంకొకటి, నీటి మీద పచ్చ మీగడలా కట్టిన నాచు ఒక్కసారిగా చచ్చి గోధుమ రంగుకు మారడం. అలాంటి రోజుల్లో మేత ఆపండి, పేడ జోలికి పోకండి. పంపు పెట్టి అదే చెరువు నీళ్ళు తీసి గాలిలోకి చిమ్మి మళ్ళీ అందులోనే పడేయండి. మంచి నీళ్ళుంటే కొంత మార్చండి. అర్ధరాత్రి దాటాక మొదలుపెట్టాలి. చేపలు తేలాక మొదలుపెడితే చాలాసార్లు ఆలస్యమే అవుతుంది.

ఉత్పత్తిని కొలవడం బడిలోనే చేయించవచ్చు. 300 మిల్లీలీటర్ల గాజు సీసాలు మూడు, గాజు మూతలతో. ఒకే లోతు నుంచి ఒకే బకెట్టుతో తీసిన నీళ్ళు మూడింట్లో బుడగ లేకుండా నింపాలి. ఒక సీసాలో ప్రాణవాయువు వెంటనే కొలవాలి. రెండోది వెలుగు లోపలికి పడే తెల్ల సీసా. మూడోదానికి నల్ల గుడ్డ, దాని మీద అల్యూమినియం రేకు చుట్టాలి. రెండింటినీ తాడుకు కట్టి, నీళ్ళు తీసిన లోతులోనే పదింటి నుంచి రెండింటి దాకా వేలాడదీయాలి. లీటరుకు మొదటి సీసాలో 6, తెల్లదాంట్లో 8.4, నల్లదాంట్లో 5.2 మిల్లీగ్రాములు వచ్చాయనుకుందాం. నల్లదాంట్లో తగ్గిన 0.8 శ్వాస ఖర్చు. తెల్లదాంట్లో పెరిగిన 2.4 నికర లాభం. రెండూ కలిపి 3.2 మొత్తం తయారీ. పైన చెప్పిన 686, 192 అంకెలను భాగిస్తే గ్రాము ప్రాణవాయువుకు మూడున్నర కిలో కేలరీలు. అంటే ఆ లోతులో ఘనపు మీటరు నీరు నాలుగు గంటల్లో సుమారు 11 కిలో కేలరీల వెలుగును తిండిగా మార్చింది.

చెడేది ఎక్కడంటే, మూత కింద బుడగ మిగిలితే అందులోని ప్రాణవాయువు నీళ్ళలోకి దిగి లెక్క పాడవుతుంది. నల్ల గుడ్డ సందులోంచి వెలుగు పడితే శ్వాస తక్కువగా కనబడుతుంది. రోజంతా వదిలేస్తే తెల్ల సీసాలో ప్రాణవాయువు పట్టక బుడగలుగా విడిపోతుంది, సీసా గోడకు నాచు పడుతుంది. కొలతకు మాంగనీస్ సల్ఫేట్, క్షార అయోడైడ్ పోసినప్పుడు గోధుమ రంగు మడ్డి కడితే ప్రాణవాయువు ఉన్నట్టు, తెల్లగానే ఉంటే లేనట్టు. తర్వాత వేసే సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉపాధ్యాయుల చేతిలోనే ఉండాలి. అది దొరకని బడుల్లో రొయ్యల చెరువుల వాళ్ళు వాడే చుక్కల కిట్ సరిపోతుంది.

రొయ్యల మాట వచ్చింది కాబట్టి మేత లెక్క కూడా. ‘కిలోన్నర మేతకు కిలో రొయ్య’ అని గొప్పగా చెబుతారు. మేతలో తడి వందకు పదే, రొయ్యలో 75. తడి తీసేసి చూస్తే 1,350 గ్రాముల ఎండు మేతకు 250 గ్రాముల ఎండు రొయ్య. వందకు పద్దెనిమిది. మిగిలిన కిలో పైచిలుకు ఎండు సరుకులో కొంత శ్వాసలో పోయింది, కొంత అడుగున నల్ల బురదై కంపు కొడుతోంది. మేతలో అయిదో వంతు చేపల పిండి ఉంటే కిలో రొయ్యకు 300 గ్రాముల పిండి, ఆ పిండికి సముద్రంలో పట్టిన పచ్చి చేప కిలో పైమాటే. చెరువులో పండించామనుకున్న శక్తి సగం ఇంకో చోటి పొద్దు, ఇంకో చోటి పైరు.

చిలికా సరస్సును చూస్తే ఇదంతా పెద్ద అక్షరాల్లో కనబడుతుంది. చలికాలంలో అక్కడ దిగే పక్షులు 10 లక్షలు దాటిన ఏళ్ళున్నాయి. ఇరావడీ డాల్ఫిన్లు 150, 160 చుట్టూ ఉంటాయి. బాతుల్లో చాలా రకాలు నీటి మొక్కలు, గింజలు మేసేవి, కింది మెట్టువి. డాల్ఫిన్ చేపల్ని తినేది, పై మెట్టుది. డాల్ఫిన్లు అంత తక్కువగా ఉండడానికి ఒళ్ళు పెద్దదన్నది ఒక కారణం, మెట్టు ఎత్తు ఇంకో కారణం. ఒడియావాళ్ళు ఖైంగా అని ఇష్టంగా తినే మల్లెట్ చేప అడుగు బురద మీది నాచు, కుళ్ళు సరుకు తిని బతుకుతుంది. అంత విరివిగా దొరకడానికి దాని పొట్టి గొలుసే ముఖ్య కారణం.

పచ్చదనం ఉంటే చేప ఉంటుందన్న మాట కూడా చిలికాలో నిలబడలేదు. ముఖద్వారం పూడిపోయి, ఉప్పుదనం తగ్గి, గుర్రపు డెక్క లాంటి మంచినీటి కలుపు పరుచుకున్నప్పుడు ఉత్పత్తిదారులకు లోటేమీ లేదు. కానీ ఆ కలుపును మేసే చేప అక్కడ లేదు. దాని శక్తి చచ్చి కుళ్ళే దారిలో పోయింది, పైగా కింది నీటి నాచుకు, సముద్రపు గడ్డికి వెలుగు దక్కలేదు. సముద్రం నుంచి పిల్ల రావడానికి దారీ మూసుకుంది. 1993లో ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల మాంట్రూ జాబితాలోకి చిలికా ఎక్కింది. 2000 సెప్టెంబరులో కొత్త ముఖద్వారం తెరిచారు. రెండు వేల టన్నులకు లోపున్న చేపల దిగుబడి రెండేళ్ళలో పది వేలు దాటింది, 2002లో ఆ జాబితా నుంచి పేరు తీసేశారు. ఎండ అదే, సరస్సు అదే. శక్తి నడిచే దారి మారింది.

ఇప్పుడు ఆ దారికి అడ్డంగా వెదురు పాతి వల కట్టి రొయ్యలు పెంచే ఘేరీల మీద మా బాధంతా. చిలికా, పులికాట్ సరస్సుల చుట్టూ వెయ్యి మీటర్లలోపు రొయ్యల చెరువులు వద్దని సుప్రీంకోర్టు 1996లోనే తీర్పిచ్చింది. ఘేరీ వల గొట్టిన చోట నీటి పారుదల మందగిస్తుంది, బురద పేరుకుంటుంది, సముద్రపు గడ్డికి వెలుగు తగ్గుతుంది, పైకీ కిందికీ తిరిగే పిల్ల ఆగిపోతుంది. ఒకరు వల లోపల కిలో రొయ్య తీస్తే, వల బయట పదిమంది జాలర్ల గొలుసు కింది మెట్టు దగ్గరే తెగుతుంది.

రుషికుల్యా ముఖద్వారం దగ్గర ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టే ఇసుక మీద రెండు బాణాలూ ఒకే చోట కనబడతాయి. ఒక్కో గూట్లో వంద పైచిలుకు గుడ్లు. ఆ గుడ్డులోని శక్తి సముద్రంలో పీతల నుంచి, జెల్లీచేపల నుంచి వచ్చింది, వాటికి అంతకు ముందు ప్లవకాల నుంచి. చెడిన గుడ్లను కుక్కలు, నక్కలు, కాకులు, పురుగులు తింటాయి. తినగా ఇసుకలో మిగిలిన నత్రజనిని అక్కడ పాకే తీగలు పీల్చుకుంటాయి, అది చక్రం. శక్తి మాత్రం కుక్క ఒంట్లో, పురుగు ఒంట్లో వేడిగా ఖర్చయి ఆ రాత్రే గాలిలో కలుస్తుంది.

అందువల్ల మీరు సవరించి వేసే బొమ్మలో నత్రజని, భాస్వరాల బాణం ఒక రంగులో గుండ్రంగా ఉండాలి. శక్తి బాణం ఇంకో రంగులో, తినబడేదాని నుంచి తినేదాని వైపు పోవాలి. మీ బొమ్మలో రెండు చోట్ల అది తినేదాని నుంచి వెనక్కి చూస్తోంది. ప్రతి మెట్టు దగ్గరా, పుట్టగొడుగు దగ్గర కూడా, ‘వేడి’ అని రాసిన బాణం బయటికి పోవాలి. బాణాల మందం కూడా లెక్క ప్రకారం వేయించండి. గడ్డి నుంచి బయల్దేరే బాణం పది సెంటీమీటర్ల వెడల్పు గీస్తే, మిడత నుంచి పోయేది ఒక సెంటీమీటరు, కప్ప నుంచి పోయేది ఒక మిల్లీమీటరు. పాము నుంచి గద్దకు పోయేది వెంట్రుక మందం, అచ్చులో సరిగా పడదు. అక్కడ గీత వేయకుండా ఖాళీ వదిలి, ఎందుకు వదిలారో పిల్లల్నే రాయమనండి.

ఇట్లు,
బరంపురం, ఛత్రపురం ప్రాంతాల
కొందరు జీవశాస్త్ర ఉపాధ్యాయులు,
గంజాం జిల్లా, ఒడిశా